కొవ్వొత్తి వెలుగులో ఒక శతాబ్దం

స్టాన్లీ క్యూబ్రిక్ ‘బ్యారీ లిండన్’ దృశ్యశైలిపై ఒక పరిశీలన

గడిచిపోయిన ఒక కాలాన్ని ఆనాటి వేషభాషలతో, ఇళ్లూ వాకిళ్లతో, ఆచార వ్యవహారాలతో తెరపై పునఃసృష్టించే సినిమాను పీరియడ్ చిత్రం అంటారు. ఈ కోవలో వచ్చిన అనేక సినిమాల్లో కోటలూ పట్టుబట్టలూ కథ వెనుక అలంకారంగానే మిగిలిపోతాయి. ప్రేక్షకుడు వాటిని మెచ్చుకుంటాడు గానీ, వాటివల్ల పాత్రల జీవితం గురించి కొత్తగా తెలుసుకునేది ఏమీ ఉండదు. అమెరికాలో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన దర్శకుడు స్టాన్లీ క్యూబ్రిక్ 1975లో అందించిన ‘బ్యారీ లిండన్’ వేరే దారి పట్టింది. మూడు గంటలకు పైగా సాగే ఈ చిత్రాన్ని వెలుగు, దూరం, నిశ్చలత అనే మూడు దృశ్యాంశాలు నడిపిస్తాయి. పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపా ప్రభువర్గం ఒక సామాన్యుణ్ణి ఎలా లోపలికి రానిచ్చిందో, ఎలా వెలివేసిందో మాటలకంటే ముందు అవే చెబుతాయి.

కోల్‌కతాలో పుట్టిన ఆంగ్ల రచయిత విలియం మేక్‌పీస్ థాకరే 1844లో ధారావాహికగా వెలువరించిన నవల ఈ చిత్రానికి మూలం. ఐర్లండ్ పల్లెకు చెందిన రెడ్‌మండ్ బ్యారీ, మరదలిపై ప్రేమతో ఒక సైనికాధికారితో ద్వంద్వయుద్ధానికి దిగి ఊరు విడుస్తాడు. 1756 నుంచి 1763 వరకు ఐరోపాను కుదిపిన సప్తవర్ష సంగ్రామంలో మొదట బ్రిటన్ పక్షాన, తర్వాత ప్రష్యా పక్షాన సైనికుడిగా పనిచేసి, జూదరిగా ఆస్థానాలు తిరిగి, చివరకు లేడీ లిండన్ అనే సంపన్నురాలిని పెళ్లాడి ఆమె ఇంటిపేరు తగిలించుకుంటాడు. నవలలో తన కథను తానే గొప్పలు పోతూ చెప్పుకునే బ్యారీ స్థానంలో క్యూబ్రిక్ ఒక తటస్థ వ్యాఖ్యాతను నిలిపాడు. మైకేల్ హోర్డర్న్ గొంతులో వినిపించే ఆ వ్యాఖ్యానం జరగబోయే విషాదాన్ని ముందే చెప్పేస్తుంది కనుక, ఏం జరుగుతుందన్న ఆత్రుత తగ్గి, ఎలా జరుగుతుందో నింపాదిగా చూసే తీరిక ప్రేక్షకుడికి దొరుకుతుంది.

వెలుగు: ఆ కాలపు కళ్లతో

విద్యుత్తు లేని కాలంలో రాత్రిపూట మనుషులు ఒకరికొకరు కొవ్వొత్తుల వెలుగులోనే కనిపించేవారు. ఆ వెలుగును యథాతథంగా పట్టుకోవాలని క్యూబ్రిక్, ఛాయాగ్రాహకుడు జాన్ ఆల్కాట్ సంకల్పించారు. కటకం ఎంత వెలుగును లోనికి రానిస్తుందో తెలిపే కొలతను ఎఫ్ సంఖ్య అంటారు; ఈ సంఖ్య తగ్గేకొద్దీ లోనికి చేరే వెలుగు పెరుగుతుంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం జర్మనీకి చెందిన జైస్ సంస్థ తయారుచేసిన 50 మిల్లీమీటర్ల కటకాల ఎఫ్ సంఖ్య 0.7, అంటే ఎఫ్ 1.4 కటకంతో పోలిస్తే అవి నాలుగు రెట్ల వెలుగును గ్రహిస్తాయి. క్యూబ్రిక్ వాటిని సంపాదించి, అవి అమరేలా సినిమా కెమెరానే మార్పించాడు. గదుల్లో వేలాడే కొవ్వొత్తుల గుత్తిదీపాల పైన లోహపు రేకులు అమర్చడంతో, పాత భవనాల పైకప్పులకు సెగ తగలకుండా కాపాడటం, వెలుగును కిందికి మళ్లించడం రెండూ నెరవేరాయి.

ఈ చిత్రంలో కృత్రిమ దీపాలు అసలే వాడలేదన్న ప్రచారం మాత్రం సరికాదు. పగటిపూట గదుల్లో సాగే అనేక దృశ్యాలకు కిటికీల వెలుపల పెద్ద దీపాలు నిలిపి, ఎండ లోపలికి పడుతున్నట్టు చూపించారు. ఆల్కాట్ నేర్పు ఆ దీపాల జాడ తెలియనివ్వకపోవడంలో ఉంది.

ఇంత వెడల్పుగా తెరుచుకునే కటకంతో ఒక చిక్కు ఉంది. దృశ్యంలో స్పష్టంగా కనిపించే లోతు చాలా తక్కువగా ఉంటుంది కనుక, నటుడు కాస్త ముందుకు వంగినా ముఖం మసకబారుతుంది. జూదపు బల్ల దగ్గర బ్యారీ, లేడీ లిండన్ తొలిసారి ఒకరినొకరు చూసుకునే ఘట్టంలో ఈ పరిమితే అర్థవంతమైంది. బంగారు ఛాయలో పౌడరు పూసిన ముఖాలు దాదాపు కదలవు. కళ్లు మాత్రం పేకముక్కల మీదుగా లేచి, ఆగి, మళ్లీ వాలుతాయి. ఆమె గాలి కోసం ఆరుబయటికి వెళ్తుంది, అతడు వెనకే నడిచి వెళ్లి చేయి అందుకుంటాడు. వాళ్లిద్దరి మధ్య ఒక్క మాటైనా లేకుండా, షూబర్ట్ స్వరరచన నేపథ్యంలో ప్రణయం, కపటం, మర్యాద మూడూ ఏకకాలంలో వ్యక్తమవుతాయి.

దూరం: వెనక్కి జరిగే చూపు

కెమెరా కదలకుండానే కటకం సర్దుబాటుతో దృశ్యాన్ని దగ్గరికి, దూరానికి జరపడాన్ని జూమ్ అంటారు. సాధారణంగా దర్శకులు ఉద్వేగాన్ని పెంచడానికి ముఖం వైపు జూమ్ చేస్తుండగా, క్యూబ్రిక్ ఈ చిత్రంలో పదేపదే ఒక చేతినో, పిస్తోలునో, ముఖాన్నో దగ్గరగా చూపి, అక్కడినుంచి నెమ్మదిగా వెనక్కి వెళ్తాడు. క్రమంగా తోటలు, చెరువులు, భవనాలు, మబ్బుపట్టిన ఆకాశం తెరను ఆక్రమించి, మనిషి వాటి నడుమ చిన్న చుక్కగా మిగులుతాడు. గెయిన్స్‌బరో, హోగార్త్ వంటి ఆనాటి చిత్రకారుల కూర్పును ఈ దృశ్యాలు అనుసరించడానికి కారణం కేవలం సొగసు కాదు. భూమి ఎవరిదో, హోదా ఎవరిదో ముందే నిర్ణయమైపోయిన ఆ లోకంలో బ్యారీ ఆశలకు ఎంత చోటుందో ఆ వెనకడుగే కొలిచి చూపుతుంది.

నిశ్చలత: చెదిరిన చోటు

ఈ నిశ్చలతను కొందరు నిర్జీవంగా భావించడం కద్దు. దాని ప్రయోజనం తెలియాలంటే అది భగ్నమయ్యే ఘట్టాన్ని గమనించాలి. భవనంలో కచేరీ జరుగుతుండగా లేడీ లిండన్ పెద్దకొడుకు బులింగ్డన్, తన బూట్లు తొడిగించిన చిన్న తమ్ముణ్ణి చేయిపట్టుకుని నడిపించుకొస్తాడు. ఆ బూట్ల టకటకకు సంగీతం ఆగిపోతుంది. సవతి తండ్రిని అతడు నిండుసభలో నిందించగానే బ్యారీ మీదపడి కొడతాడు, అతిథులు విడదీయడానికి ఎగబడతారు. ఆ ఘట్టంలో అంతవరకు నిలకడగా ఉన్న కెమెరా చేతిలోకి వచ్చి, ఆ పెనుగులాటలో పడి ఊగిపోతుంది. ఆ తర్వాత ప్రభువర్గం తలుపులు బ్యారీకి మూసుకుపోతాయి. దృశ్యక్రమం చెదిరిన చోటే అతడి సామాజిక స్థానమూ చెదిరింది కనుక, అప్పటిదాకా చూసిన సౌందర్యం ఒక కట్టుబాటని, దాన్ని మీరిన పరాయివాడికి క్షమ లేదని ప్రేక్షకుడికి బోధపడుతుంది.

ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం, వస్త్రాలంకరణ, సంగీతానుసరణ విభాగాల్లో నాలుగు ఆస్కార్లు గెలిచిన ఈ చిత్రానికి అమెరికాలో ప్రేక్షకాదరణ అంతంతమాత్రంగానే దక్కింది. కాలం గడిచేకొద్దీ దీని స్థాయి పెరిగింది. చివరి దృశ్యంలో లేడీ లిండన్, దూరమైన భర్తకు ఏటా ఇవ్వవలసిన భరణపు పత్రంపై ఒక్క క్షణం ఆగి సంతకం చేస్తుంది. దానిపై ఉన్న సంవత్సరం 1789. ఫ్రాన్స్‌లో విప్లవం మొదలైన సంవత్సరమదే. బ్యారీని గెంటివేసి తమ గీతలను భద్రపరచుకున్నామనుకున్న ఆ వర్గమే కూలబోతున్నదని చిత్రం ఎవరిచేతా పలికించదు, ఒక కాగితంపై అంకెలుగా చూపి ఊరుకుంటుంది. గతాన్ని చూపదలచిన సినిమా ఆనాటి వస్తువులను పోగుచేస్తే సరిపోదు. ఆనాటి వెలుగును, దూరాలను, కట్టుబాట్లను ప్రేక్షకుడి చూపులో భాగం చేయగలగాలి. ఆ పని ‘బ్యారీ లిండన్’ చేసినంత సమగ్రంగా చేసిన చిత్రాలు ప్రపంచ సినిమాలో బహు అరుదు.