మీకు తెలుసా? హార్డ్ లెన్స్‌కు సైటు ఒక్కటే చాలదు

కళ్లద్దాల చీటీ తీసుకెళ్లి, అదే పవర్‌తో హార్డ్ కాంటాక్ట్ లెన్స్ చేసివ్వమంటే కుదరదని మీకు తెలుసా? తెనాలిలో అడిగినా, బాపట్లలో అడిగినా, రేపల్లెలో అడిగినా ముందు కంటి వంపు కొలవాల్సిందే. కొలవకుండా ఇస్తామనే చోట తీసుకోకండి.

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర కార్నియా. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు పైచిలుకు. వంపు వ్యాసార్ధం చాలామందిలో 7.8 మి.మీ. దగ్గర్లో ఉంటుంది. అయితే మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది, ఒకే మనిషి కుడి కంటికీ ఎడమ కంటికీ కూడా తేడా ఉండొచ్చు. మెత్తటి లెన్స్ కంటి మీద వాలి ఆ వంపులోకి ఒదిగిపోతుంది. హార్డ్ లెన్స్ అలా ఒదగదు. గాజులు కొనేటప్పుడు రెండూ నాలుగా, రెండూ ఆరా అని చూసినట్టే దీనికీ కొలత చూడాలి. ఇక్కడ ఒక్కో సైజుకూ తేడా 0.05 మి.మీ. మాత్రమే. అంత చిన్న తేడాకే లెన్స్ కింద నిలిచే కన్నీటి పొర మారి, పవర్ 0.25 దాకా అటూ ఇటూ అవుతుంది.

లెన్స్ సరిపోయిందో లేదో రంగు చెబుతుంది. ఫ్లోరోసీన్ అనే రంగు అద్దిన నారింజ కాగితం పట్టీని తడిపి కంటికి తాకించి, నీలి వెలుగులో చూస్తారు. కన్నీరు నిలిచిన చోట ఆకుపచ్చగా మెరుస్తుంది, లెన్స్ ఆనిన చోట నల్లగా కనిపిస్తుంది. నడిమధ్య పచ్చటి మడుగు కట్టి గాలి బుడగ ఇరుక్కుంటే లెన్స్ బిగుతు. మధ్యలో నల్లమచ్చ, అంచు చుట్టూ వెడల్పాటి పచ్చ పట్టీ ఉంటే వదులు. అది రెప్ప వేసినప్పుడల్లా జారుతుంది, కన్ను గరగరలాడుతుంది. పలచటి పచ్చదనం అంతటా సమంగా పరుచుకుని, రెప్ప వేసినప్పుడు లెన్స్ ఒకటి రెండు మి.మీ. కదిలి మళ్లీ తన చోటికి వస్తే సరిగ్గా కుదిరినట్టు. ఆ కాస్త కదలిక ఉండి తీరాలి. కార్నియాలో రక్తనాళాలు లేవు. దానికి కావలసిన ఆక్సిజన్ ఎక్కువగా గాలి నుంచి కన్నీటి గుండా అందుతుంది కాబట్టి లెన్స్ కింద కన్నీరు మారుతూ ఉండాలి.

సిలిండర్ పవర్ ఉన్న కుర్రవాళ్లలో సాధారణంగా నిలువు వంపు ఎక్కువ. అన్ని వైపులా ఒకే వంపున్న గుండ్రటి లెన్స్ పెడితే అడ్డంగా నల్లటి పట్టీ, పైనా కిందా పచ్చదనం కనిపిస్తాయి. తేడా మరీ ఎక్కువైతే లెన్స్ వెనుక వైపును కూడా రెండు వంపులతో చేయించాలి.

కార్నియా పలచబడి శంఖంలా ముందుకు పొడుచుకొస్తే దాన్ని కెరటోకోనస్ అంటారు. ఎక్కువగా టీనేజీలో మొదలవుతుంది. మహారాష్ట్ర గ్రామాల్లో 30 ఏళ్లు దాటినవారి మీద జరిగిన ఒక అధ్యయనంలో 2.3 శాతం మందిలో కనిపించింది. ఇది ముదిరితే కళ్లద్దాలతో చూపు తేటపడదు. హార్డ్ లెన్స్ పెడితే ఎగుడుదిగుళ్లను కన్నీరు నింపి చూపు తేరుకుంటుంది. దానికీ లొంగకపోతే స్క్లెరల్ లెన్స్ ఉంది. అది కార్నియాను తాకకుండా తెల్లగుడ్డు మీద ఆనుతుంది. 1888లో ఆడాల్ఫ్ ఫిక్ గాజుతో చేసిన తొలి లెన్స్ కూడా ఇలా ఆనేదే. ఆక్సిజన్ అందక అప్పట్లో ఎక్కువసేపు పెట్టుకోలేకపోయారు. ఇప్పటి లెన్స్‌ల గుండా ఆక్సిజన్ వెళుతుంది.

కార్నియా వైద్యానికి మన ప్రాంతంతో దగ్గరి సంబంధమే ఉంది. గుంటూరు వైద్య కళాశాలలో చదివిన కార్నియా నిపుణులు డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను స్థాపించారు. సినీ దర్శకులు ఎల్.వి. ప్రసాద్‌గారి కుటుంబం అండగా నిలిచింది. 2011 నుంచి విజయవాడ దగ్గర తాడిగడపలోనూ ఆ సంస్థ ఆస్పత్రి ఉంది. తెనాలి నుంచి విజయవాడకు రైల్లో గంట కూడా పట్టదు. రేపల్లెవాళ్లు తెనాలి మీదుగా వెళ్లొచ్చు.

కళ్లు అదేపనిగా నులుముకునే పిల్లల్లో కెరటోకోనస్ ముప్పు ఎక్కువ. దురద ఉంటే మందు వేయించండి, నులమనివ్వకండి. సిలిండర్ పవర్ మాటిమాటికీ మారుతుంటే కళ్లద్దాలు మార్చి ఊరుకోకుండా కార్నియా వంపును పటంలా చూపే టోపోగ్రఫీ పరీక్ష చేయించండి. తొలిదశలో దొరికితే, బి2 విటమిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కిరణాలు పంపే క్రాస్‌లింకింగ్ చికిత్సతో చాలామందిలో జబ్బు ముదరకుండా ఆపవచ్చు.