రంగస్థల ధ్వనివ్యవస్థలో ఎర్తింగ్: ఒక వివరణ

నాటకాలకు, సభలకు ధ్వనివ్యవస్థను అమర్చేటప్పుడు స్పీకర్ల నుండి 'హమ్' అనే ఎడతెగని ఝుంకారం వినిపిస్తే, ఆంప్లిఫయర్ ప్లగ్గులోని ఎర్త్ పిన్నును తొలగించే అలవాటు కొందరిలో ఉంది. ఝుంకారం తగ్గవచ్చు. పరికరానికి గల ప్రధాన రక్షణ కూడ దానితోపాటే పోతుంది.

లోపలి ఫేజు తీగ లోహపు పెట్టెకు తాకినప్పుడు అధిక విద్యుత్తు ఎర్త్ మార్గాన ప్రవహించి ఫ్యూజు కాలుతుంది, లేదా ఎం.సి.బి. పడిపోతుంది. ఎర్త్ లేనిచో 230 వోల్టులు ఆ పెట్టెపైనే నిలిచి ఉంటాయి. మిక్సర్‌కు ఎర్త్ ఉంటే ఆ భారమంతా సంకేత కేబులులోని సన్నని కవచంపై పడుతుంది. మిక్సర్‌కూ లేకపోతే అదే కవచం ద్వారా నటుని చేతిలోని మైకు వరకు వోల్టేజి చేరుతుంది.

నిజానికి ఝుంకారానికి కారణం ఎర్త్ ఉండడం కాదు, అది రెండు వేర్వేరు చోట్ల ఉండడం. మిక్సర్ ప్రేక్షకాగారం వెనుక నుండి, ఆంప్లిఫయర్ వేదిక పక్క నుండి సరఫరా తీసుకొన్నప్పుడు రెండు ఎర్త్‌ల నడుమ స్వల్ప వోల్టేజి భేదం ఏర్పడి, 50 హెర్ట్జుల విద్యుత్తు కవచం గుండా ప్రవహిస్తుంది. రెంటికీ ఒకే పంపిణీ పెట్టె నుండి సరఫరా ఇచ్చి బ్యాలెన్స్‌డ్ కేబులు వాడితే చాలవరకు ఇది తొలగుతుంది. అప్పటికీ మిగిలితే సంకేత మార్గంలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అమర్చాలి, విద్యుత్ ప్లగ్గు జోలికి పోరాదు.

ఆరుబయలు వేదికలపై మరొక చిక్కు ఉంది. తాత్కాలిక సాకెట్‌లోని మూడవ రంధ్రానికి తీగే కలపకపోతే, ప్లగ్గుకు పిన్ను ఉన్నా లేనట్లే.