విమాన ప్రయాణ భయం

విమాన ప్రయాణ భయం అనగా విమానం ఎక్కవలసి వచ్చినపుడు, లేదా ఎక్కవలసి వస్తుందన్న ఆలోచన కలిగినపుడు మనిషిని పట్టుకొనే తీవ్రమైన భయం. దీనిని వైద్య పరిభాషలో ఏరోఫోబియా లేదా ఏవియోఫోబియా అంటారు. మొదటిసారి విమానం ఎక్కేవారికి కొంత బెరుకు ఉండడం సహజం. అయితే ఆ బెరుకు వలన టిక్కెట్టు రద్దు చేసుకోవడం, ఉద్యోగావకాశాన్ని వదులుకోవడం, దూరదేశంలో ఉన్న పిల్లలను చూడడానికి వెళ్ళలేకపోవడం వంటివి జరుగుతుంటే దానిని ఫోబియాగా పరిగణిస్తారు. ఈ భయానికి సమర్థమైన చికిత్స కలదు. విమానానికి దూరంగా ఉన్నంతకాలం ఈ భయం బలపడుతుందనీ, క్రమపద్ధతిలో ఎదుర్కొన్నపుడు తగ్గుతుందనీ మానసిక వైద్యులు చెబుతారు.

స్వరూపం

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ప్రచురించిన వర్గీకరణ గ్రంథం ఐదవ కూర్పు (డీఎస్ఎం-5) ప్రకారం ఇది "నిర్దిష్ట ఫోబియా"లలో ఒకటి. లిఫ్టు, ఇరుకు గది వంటి పరిస్థితులకు సంబంధించిన భయాల ఉపవర్గంలో దీనిని చేర్చారు. సాధారణంగా 6 నెలలు లేదా అంతకు మించి భయం కొనసాగినపుడే ఈ నిర్ధారణ చేస్తారు.

పేరు ఒకటే అయినా ఈ భయం అందరిలోనూ ఒకే విధంగా ఉండదు. కొందరు విమానం కూలుతుందేమోనని భయపడతారు. కొందరికి మూసిన తలుపుల మధ్య చిక్కుకొనిపోయామన్న భావన దుర్భరంగా ఉంటుంది. మరికొందరికి ఎత్తు అంటే భయం. తన ప్రాణం తన చేతిలో లేదన్న ఆలోచన కొందరిని బాధిస్తే, పదిమంది ఎదుట తనకు ఏమైనా అవుతుందేమోనన్న సంకోచం ఇంకొందరిని బాధిస్తుంది. కనుక ముందుగా తన భయం ఏ రకానికి చెందినదో గుర్తించడం అవసరం. ఇరుకు ప్రదేశమంటే భయపడే వ్యక్తికి ప్రమాదాల గణాంకాలు ఎన్ని చెప్పినా ప్రయోజనం ఉండదు.

లక్షణాలు

గుండె దడ, చెమటలు, నోరు ఎండిపోవడం, కడుపులో వికారం, ఊపిరి అందనట్లు అనిపించడం, చేతులు వణకడం ముఖ్య లక్షణాలు. ఆపద ఎదురైనపుడు శరీరం ఎడ్రినలిన్ అనే హార్మోనును విడుదల చేయడం వలన ఇవి కలుగుతాయి. భయంతో వేగంగా ఊపిరి పీల్చినపుడు రక్తంలో కార్బన్ డయాక్సైడు తగ్గి, తల తిరగడం, వేళ్ళలో తిమ్మిరి మొదలగునవి కలుగుతాయి. వీటిని చూసి ప్రాణం పోతుందేమోనని మరింత భయపడేవారు కలరు. సాధారణంగా ఇటువంటి భయావేశం కొద్ది నిమిషాలలో పతాక స్థాయికి చేరి, తరువాత దానంతట అదే తగ్గుతుంది. గుండె జబ్బు ఉన్నవారు మాత్రం ప్రయాణానికి ముందు వైద్యుని సంప్రదించవలెను.

అనేకమందికి విమానంలో గడిపే గంటలకన్నా ప్రయాణానికి ముందు రోజులే ఎక్కువ కష్టంగా ఉంటాయి. నిద్ర పట్టకపోవడం, పదే పదే వాతావరణ సూచనలు చూడడం, ప్రమాద వార్తలు వెదకడం ఈ దశలో కనిపిస్తాయి.

కారణాలు

ఒకసారి తీవ్రమైన కుదుపులకు లోనుకావడం, ఇంట్లో పెద్దలు భయపడడం చూడడం, ప్రమాద వార్తల ప్రభావం ఇందుకు కారణాలు కావచ్చును. సులభంగా జ్ఞాపకం వచ్చే సంఘటనలు తరచుగా జరుగుతాయని మనిషి భావిస్తాడని ఏమోస్ ట్వెర్‌స్కీ, డానియెల్ కానెమన్ అనే శాస్త్రవేత్తలు 1973లో వివరించారు. 2025 జూన్ 12న అహ్మదాబాదు నుండి లండన్ బయలుదేరిన విమానం కూలి, అందులోని 242 మందిలో ఒక్కరు తప్ప అందరూ మరణించారు. నేలపై ఉన్న మరి 19 మంది కూడా ప్రాణాలు కోల్పోయారు. ఆ దృశ్యాలు చూసినవారికి విమానం అనగానే అవే గుర్తుకు రావడంలో వింత లేదు. అదే రోజున క్షేమంగా దిగిన వేలాది విమానాలు ఎవరికీ గుర్తుండవు.

భయం కొనసాగడానికి మరొక కారణం కలదు. టిక్కెట్టు రద్దు చేసుకొన్న క్షణంలో గొప్ప ఉపశమనం కలుగుతుంది. ఆ ఉపశమనం వలన "తప్పించుకొన్నాను కనుక బ్రతికాను" అని మనసు నేర్చుకొంటుంది. భయం నిజం కాదని తెలుసుకొనే అవకాశం పోతుంది. తరువాతి ప్రయాణం మరింత కష్టమవుతుంది.

ప్రమాద అవకాశం

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ఆర్నాల్డ్ బార్నెట్ సహ పరిశోధకునితో కలిసి 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2018-2022 మధ్య ప్రపంచవ్యాప్తంగా ప్రయాణికులు విమానం ఎక్కిన ప్రతి 1 కోటి 37 లక్షల సందర్భాలకు ఒక మరణం చొప్పున సంభవించింది. 1968-1977 మధ్యకాలంలో ఇది 3 లక్షల 50 వేలకు ఒకటిగా ఉండేది. కాగా భారతదేశంలో 2022 ఒక్క సంవత్సరంలోనే రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ నివేదిక తెలియజేసింది.

భయం వలన సురక్షితమైన మార్గాన్ని వదలి ప్రమాదకరమైన మార్గాన్ని ఎంచుకొన్న ఉదాహరణ కూడా కలదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత అమెరికాలో అనేకులు విమానాలు మాని కార్లలో ప్రయాణించారు. దీని వలన ఆ తరువాతి 12 నెలలలో రోడ్లపై సుమారు 1,500 మంది అదనంగా మరణించారని జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్ అంచనా వేశారు.

విమానంలో శబ్దాలు, కుదుపులు

తెలియని శబ్దం భయాన్ని పెంచుతుంది. ఈ క్రింది విషయాలు ముందుగా తెలుసుకొనుట మేలు.

* విమానం నేలను వదిలిన కొద్ది సెకన్లలో చక్రాలు లోపలికి ముడుచుకొంటాయి. అపుడు కాళ్ళ క్రింద గట్టి శబ్దం వినిపిస్తుంది.
* కొంత ఎత్తుకు చేరిన తరువాత పైలట్లు ఇంజన్ల శక్తిని తగ్గిస్తారు. శబ్దం తగ్గడంతో విమానం క్రిందికి జారుతున్నట్లు అనిపిస్తుంది, కానీ నిజానికి అది పైకి వెళుతూనే ఉంటుంది.
* దిగేటపుడు రెక్కల వెనుక భాగాలు చాచుకొనే శబ్దం, నేలను తాకిన తరువాత వేగం తగ్గించడానికి ఇంజన్లు చేసే హోరు సాధారణమైనవే.
* నేలను తాకబోతూ విమానం మళ్ళీ పైకి లేచినచో, అది పైలట్లు శిక్షణలో అభ్యసించే జాగ్రత్త చర్య మాత్రమే.

కుదుపులు గాలి అలజడి వలన కలుగుతాయి. వేసవి ఉరుముల మేఘాల సమయంలోను, వర్షాకాలంలోను ఇవి ఎక్కువ. విమానపు రెక్కలు వంగే విధంగానే నిర్మించబడతాయి. ప్రయాణంలో ఎదురుకాగలదని లెక్కగట్టిన గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకొనేలా వీటిని రూపొందిస్తారు. 2010లో బోయింగ్ 787 విమానానికి జరిపిన పరీక్షలో రెక్కలు సుమారు 7.6 మీటర్ల ఎత్తుకు వంగినా విరగలేదు. కుదుపుల వలన నిజమైన అపాయం బెల్టు పెట్టుకొనని వారికే ఎక్కువ. 2024 మేలో లండన్ నుండి సింగపూరు వెళుతున్న విమానం తీవ్రమైన కుదుపులకు లోనై ఒక ప్రయాణికుడు మరణించగా, అనేకులు గాయపడ్డారు. విమానం మాత్రం బ్యాంకాక్‌లో క్షేమంగా దిగింది. కనుక సీటులో ఉన్నంతసేపూ బెల్టు పెట్టుకొనియే ఉండవలెను.

ఇంజన్లు ఆగిపోయినా విమానం రాయివలె పడిపోదు. 2001 ఆగష్టులో టొరంటో నుండి లిస్బన్ వెళుతున్న ఎయిర్ ట్రాన్సాట్ విమానంలో ఇంధనం కారిపోయి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. అది సుమారు 19 నిమిషాలు గాలిలో తేలుతూ వచ్చి అట్లాంటిక్ మహాసముద్రంలోని అజోర్స్ దీవులలో దిగింది. అందులోని 306 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

విషయ పరిజ్ఞానం, భయం

విషయం తెలిసినంత మాత్రాన భయం పోదు. విజ్ఞాన శాస్త్ర రచయిత ఐజాక్ అసిమోవ్ తన కథలలో నక్షత్రాల మధ్య ప్రయాణాలను వర్ణించినా, జీవితంలో రెండుసార్లు మాత్రమే విమానం ఎక్కాడు. సినీ దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ విమానం నడిపే లైసెన్సు పొంది కూడా తరువాత విమాన ప్రయాణాలు మానివేశాడు. నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ ఆటగాడు డెన్నిస్ బెర్గ్‌కాంప్ 1994 ప్రపంచ కప్ తరువాత విమానం ఎక్కడం మానుకొనడంతో ఆర్సెనల్ జట్టు తరపున ఐరోపాలో దూర ప్రాంతాలలో జరిగిన అనేక పోటీలలో పాల్గొనలేకపోయాడు. కనుక భయపడడం తెలివితక్కువతనమో, పిరికితనమో కాదు. భయం తగ్గాలంటే తెలుసుకోవడంతో పాటు అభ్యాసం కూడా కావలెను.

చికిత్స

జోసెఫ్ వోల్పే 1958లో ప్రచురించిన గ్రంథంలో, భయపెట్టే విషయాన్ని మెట్లుమెట్లుగా ఎదుర్కొంటూ మనసును అలవాటు చేసే పద్ధతిని వివరించాడు. నేటి చికిత్సలకు ఇది ఒక ఆధారం. దీనికి ఆలోచనలను పరీక్షించుకొనే పద్ధతి చేర్చి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ పేరిట చికిత్స చేస్తారు. కంప్యూటర్ సృష్టించిన విమాన దృశ్యాల మధ్య రోగిని కూర్చోబెట్టి చేసే చికిత్స, విమానాశ్రయానికి తీసుకొనివెళ్ళి చేసే చికిత్సతో సమానంగా పనిచేసిందని బార్బరా రోత్‌బామ్ బృందం 2000లో ప్రచురించింది.

అల్ప్రజోలం వంటి మందులు తాత్కాలికంగా భయాన్ని తగ్గిస్తాయి. అయితే 1997లో ఫ్రాంక్ విల్హెల్మ్, వాల్టన్ రోత్ ప్రచురించిన పరిశోధనలో, మొదటి ప్రయాణంలో ఈ మందు వేసుకొన్నవారు మందు లేని రెండవ ప్రయాణంలో ఎక్కువ భయావేశానికి లోనయ్యారు. ధైర్యం మందు వలన వచ్చిందని భావించినపుడు మనసు కొత్తగా ఏమీ నేర్చుకొనకపోవడం ఇందుకు కారణమని చెప్పవచ్చును. ఇటువంటి మందులను వైద్యుని చీటీ లేనిదే వాడరాదు, మద్యంతో కలిపి అసలే తీసుకొనరాదు. కొన్ని దేశాలలో వీటిపై కఠినమైన నియంత్రణ ఉన్నందున చీటీని వెంట ఉంచుకొనవలెను.

ప్రయాణానికి ముందు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్ళే తల్లిదండ్రులలో అనేకమందికి అదే మొదటి విమాన ప్రయాణం. ఇరవై గంటలకు పైబడిన ప్రయాణంలో ఒకటి రెండు చోట్ల విమానం మారవలసి ఉంటుంది. ఇటువంటివారు వీలైనచో ముందుగా హైదరాబాదు నుండి విశాఖపట్నం లేదా తిరుపతికి సుమారు గంటసేపు పట్టే చిన్న ప్రయాణం చేయుట మంచిది.

* భయపడే విషయాలను తక్కువ నుండి ఎక్కువకు వరుసగా కాగితంపై వ్రాసుకొని, చిన్నవాటితో అభ్యాసం మొదలుపెట్టవలెను. విమానం ఎగిరే వీడియో చూడడం, విమానాశ్రయానికి ఒకరిని దిగబెట్టడానికి వెళ్ళడం తొలి మెట్లు కావచ్చును.
* రోజూ పది నిమిషాలు నెమ్మదిగా ఊపిరి పీల్చి, అంతకన్నా నెమ్మదిగా వదలడం అభ్యసించవలెను. ప్రయాణం నాడే మొదలుపెడితే ఇది అంతగా ఉపకరించదు.
* ప్రమాద వార్తలు, వీడియోలు వెదకడం మానవలెను.
* రెక్కల సమీపంలోని సీటులో కుదుపులు తక్కువగా తెలుస్తాయి. ఇరుకుకు భయపడేవారు నడవ ప్రక్క సీటు కోరవచ్చును.
* హడావుడి లేకుండా ముందుగా విమానాశ్రయం చేరుకొనవలెను. కాఫీ, టీ తగ్గించవలెను.

విమానంలో

తన భయం గురించి సిబ్బందికి ముందే చెప్పడంలో తప్పు లేదు. సీటు చేతులను బిగించి పట్టుకొనక భుజాలు వదులు చేయవలెను. ఎత్తు మారినపుడు చెవులు దిబ్బడ వేస్తే గుటకలు మింగడం, బిళ్ళలు చప్పరించడం ఉపకరిస్తుంది. భయం వచ్చినపుడు దానిని తరిమివేయడానికి పెనుగులాడక, అది పెరిగి తగ్గేవరకు గమనిస్తూ ఉండడం మేలు.

తోటి ప్రయాణికులు "ఏమీ కాదు, భయపడకు" అని మందలించడం గాని, ఎగతాళి చేయడం గాని తగదు. జరుగుతున్నది నెమ్మదిగా వివరిస్తూ, కలిసి ఊపిరి లెక్కించడం ఎక్కువ మేలు చేస్తుంది. దిగిన తరువాత తిరుగు ప్రయాణాన్ని వాయిదా వేయరాదు. ఒకసారి క్షేమంగా దిగిన అనుభవం తరువాతి ప్రయాణాలతోనే స్థిరపడుతుంది.

స్వయంగా అదుపు చేసుకొనలేనివారు మానసిక వైద్యుని గాని, క్లినికల్ సైకాలజిస్టును గాని సంప్రదించవలెను. భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవ ద్వారా 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులో కూడా సలహా పొందవచ్చును.

ఇవి కూడా చూడండి

* ఫోబియా
* విమానం
* మనస్తత్వ శాస్త్రం