నివేదికలకూ గేట్‌పాస్ కావాలి

ప్రతి నెలా మొదటి పనిదినాన ఉదయమే అధికారుల బల్లల మీదికి చేరే హాజరు పట్టిక, స్టోర్స్ నిల్వల పట్టిక, ఓవర్‌టైం లెక్క ఎక్కడి నుండి వస్తాయో చాలామందికి తెలియదు. తెలియవలసిన అవసరమూ సాధారణంగా కలగదు. అవి ఆగిన రోజున మాత్రమే కంప్యూటర్ విభాగం అందరికీ గుర్తుకు వస్తుంది.

2019 ఏప్రిల్ 1న మాకు అటువంటి ఉదయమే ఎదురైంది. ముందు రోజుతో మా విభాగంలోని ఒక సీనియర్ సహోద్యోగి పదవీ విరమణ చేశారు. నియమం ప్రకారం ఆయన లాగిన్ ఖాతాను మూసివేశాము. తెల్లవారేసరికి నివేదికలన్నీ ఒక్కసారిగా నిలిచిపోయాయి. ఏళ్ళ తరబడి అవన్నీ ఆయన సొంత ఖాతాతోనే డేటాబేస్‌లోకి ప్రవేశిస్తున్నాయని అప్పుడు గాని మాకు తెలిసిరాలేదు.

జీతాల పని ఆగరాదన్న తొందరలో మేము చేసినది అంతకంటె పెద్ద పొరపాటు. డేటాబేస్ నిర్వాహకుని సర్వాధికార ఖాతాను నివేదికలకు తగిలించాము. అవి నడిచాయి. తర్వాత సరిచేద్దామనుకున్నాము. ఆ 'తర్వాత' ఆరు వారాలకు గాని రాలేదు. అదైనా మా అంతట మేము తెచ్చుకున్నది కాదు. కొత్తగా చేరిన ఒక యువ సహోద్యోగి హాజరు నివేదిక తయారుచేస్తూ పొరపాటున వేరొక పట్టికను ఎంచుకోగా, తోటి ఉద్యోగుల వైద్య బిల్లులు జబ్బుల పేర్లతో సహా తెరపైకి వచ్చాయి. ఆయన వెంటనే తెర మూసి, మా వద్దకు వచ్చి జరిగినది చెప్పారు. చెప్పకుండా ఊరుకొని ఉంటే మాకు తెలిసేదే కాదు.

నాలుగు ఖాతాలు, నాలుగు పనులు

మేము వాడుతున్నది మైక్రోసాఫ్ట్ వారి ఎస్.క్యు.ఎల్. సర్వర్ రిపోర్టింగ్ సర్వీసెస్. 2004లో తొలిసారి వెలువడిన ఈ వ్యవస్థలో నాలుగు విధాలైన ఖాతాలను వేరువేరుగా గుర్తించవలసి ఉంటుంది.

మొదటిది సర్వీసు ఖాతా. రిపోర్ట్ సర్వర్ అనే సాఫ్ట్‌వేర్ ఈ ఖాతా పేరు మీద నడుస్తుంది. సాధారణంగా ఇది తన సొంత కేటలాగ్ డేటాబేస్‌లను తెరవడానికే గాని, సంస్థ లెక్కలను చదవడానికి కాదు.

రెండవది డేటా సోర్స్ ఖాతా. జీతాలు, స్టోర్స్ మొదలైన అసలు డేటాబేస్‌లను నివేదిక చదివేది దీనితోనే. మేము పొరబడినది ఇక్కడే.

మూడవది ఎగ్జిక్యూషన్ ఖాతా. ఎవరి పేరూ అవసరం లేని డేటా సోర్సులకు, వేరే యంత్రంలోని బొమ్మలను తెచ్చుకోవడానికి పనికివస్తుంది. దీనికి అత్యల్ప అధికారాలే ఉండాలి. ఇది సర్వీసు ఖాతాకు భిన్నమైనదై ఉండాలి.

నాలుగవది చదివేవారి అనుమతి. చూడడానికి మాత్రమే అయితే బ్రౌజర్, కొత్త నివేదికలు చేర్చడానికి పబ్లిషర్, ఫోల్డర్ల నిర్వహణకు కంటెంట్ మేనేజర్ అనే పాత్రలు ఉన్నాయి.

పాస్ ఒక గేటుకే

చదివేవారి సొంత పేరుతోనే డేటాబేస్‌లోకి పంపవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. రిపోర్ట్ సర్వర్, డేటాబేస్ వేరువేరు యంత్రాల మీద ఉన్నప్పుడు అది అంత సులభం కాదు. మెయిన్ గేటు వద్ద చూపిన పాస్ లోపలి స్టోర్స్ గేటు వద్ద చెల్లదు గదా! ఇదీ అటువంటిదే. రెండవ యంత్రానికి ఆ పేరును చేరవేయాలంటే కెర్బరోస్ అనే గుర్తింపు పద్ధతిని, దానికి తగిన అప్పగింత అనుమతులను ప్రత్యేకంగా అమర్చుకోవాలి. అంతేగాక, మనిషి లేని వేళ తమంతట తామే తయారై ఈ-మెయిల్‌లో వెళ్ళే నివేదికలకు, సర్వర్‌లో భద్రపరచిన ఖాతా, పాస్‌వర్డ్ ఉండి తీరవలసిందే. అందుచేత ఆ ఖాతాకు ఎంత అధికారం ఇస్తున్నామన్నదే ముఖ్యమైన ప్రశ్న అవుతుంది.

ఎంత అవసరమో అంతే

ఏ ప్రోగ్రామైనా, ఏ వ్యక్తి అయినా తన పనికి చాలినంత అధికారంతోనే నడవాలన్న సూత్రాన్ని జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే శాస్త్రజ్ఞులు 1975లో తమ వ్యాసంలో స్పష్టంగా పేర్కొన్నారు. మేము ఆ సూత్రాన్ని ఆలస్యంగా ఆచరణలో పెట్టాము.

ఒక్కొక్క విభాగపు నివేదికలకు ఒక్కొక్క ఖాతా ఏర్పరచాము. 'డీబీ డేటారీడర్' అనే సిద్ధపాత్రను ఇస్తే పని తేలికే గాని, అది ఆ డేటాబేస్‌లోని పట్టికలన్నింటినీ చదవనిస్తుంది. కాబట్టి దానిని మానుకొని, నివేదికలకు కావలసిన నిలువు వరుసలతో మాత్రమే వ్యూలు తయారుచేసి, వాటిని ప్రత్యేక స్కీమాలో ఉంచి, ఆ స్కీమాను చదివే అనుమతి మాత్రమే ఇచ్చాము. వ్యూకు, మూల పట్టికకు యజమాని ఒక్కరే అయినచో, పట్టిక మీద వేరే అనుమతి అక్కరలేదు. ఇప్పుడు హాజరు నివేదిక వైద్య బిల్లులను అడిగితే డేటాబేస్ నిరాకరిస్తుంది.

మరువరాని జాగ్రత్తలు

సర్వీసు ఖాతాను గాని, దాని పాస్‌వర్డ్‌ను గాని మార్చేటప్పుడు విండోస్ సర్వీసుల పట్టికలో కాక, రిపోర్ట్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజర్ ద్వారానే మార్చాలి. భద్రపరచిన పాస్‌వర్డ్‌లన్నీ ఒక రహస్య కీతో గుప్తపరచబడి ఉంటాయి. ఆ కీకి బ్యాకప్ తీసి వేరొక చోట దాచాలి. అది పోయినచో వాటన్నింటినీ తొలగించి మళ్ళీ నమోదు చేయవలసివస్తుంది.

ఉమ్మడి ఖాతా వాడినప్పుడు డేటాబేస్‌కు ఆ ఖాతా పేరే కనిపిస్తుంది. ఏ నివేదికను ఎవరు తెరిచారో రిపోర్ట్ సర్వర్ చిట్టాయే చెప్పగలదు. ఆ చిట్టా మామూలుగా 60 రోజులే నిలిచి ఉంటుంది. భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలన్నాయి. కనుక ఆ గడువును పెంచుకోవాలి.

ఎస్.క్యు.ఎల్. సర్వర్ 2022తో వచ్చినదే రిపోర్టింగ్ సర్వీసెస్‌లో చివరి వెర్షన్. దాని స్థానాన్ని పవర్ బి.ఐ. రిపోర్ట్ సర్వర్ తీసుకుంటున్నది. సాఫ్ట్‌వేర్ మారినా పైన చెప్పిన క్రమశిక్షణ మారదు.

పదవీ విరమణ సమయంలో సంతకాలు చేయించే నో డ్యూస్ పత్రంలో మేము ఇప్పుడు ఒక వాక్యం చేర్చుకున్నాము: 'వీరి పేరు మీద నడుస్తున్న సర్వీసులు, నివేదికలు ఏవీ లేవు.' దాని మీద సంతకం చేసేముందు జాబితా సరిచూస్తాము. సహోద్యోగులకు మా మనవి ఒక్కటే. అవసరానికి మించిన అనుమతి మీకు దొరికిందని గమనిస్తే, ఆ యువ సహోద్యోగి వలె వెంటనే వచ్చి చెప్పండి. ఆ పట్టికలలో ఉన్నవి మీ వివరాలు, మీ కుటుంబసభ్యుల వివరాలే.