ఆర్కిటెక్చర్ చదువుకు బార్లా తెరిచిన తలుపులు

ఆర్కిటెక్చర్ పుస్తకం కొనాలంటే వేలల్లో మాట. పేరున్న కట్టడాలను కళ్లారా చూడాలంటే దేశాలు దాటాలి. అయినా చిన్న ఊరి విద్యార్థికీ, పాఠం చెప్పే టీచరుకూ ఇంటర్నెట్‌లో పైసా ఖర్చు లేకుండా దొరికే సరుకు బోలెడుంది. ఏమేం దొరుకుతాయో, వాటి వెనక ఎవరి కష్టం ఉందో చూడండి.

★ పనిలేని రోజుల్లో పుట్టిన ఖజానా: 1933లో, మహా మాంద్యం దెబ్బకు అమెరికాలో ఎందరో ఆర్కిటెక్టులకు పని లేకుండా పోయింది. పాత కట్టడాలను వాళ్లచేత కొలిపించి, గీయించి, జీతమిద్దామని నేషనల్ పార్క్ సర్వీస్‌లో పనిచేసే చార్లెస్ పీటర్సన్ ప్రతిపాదించారు. అలా మొదలైందే హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే. తర్వాత వచ్చిన అనుబంధ సర్వేలతో కలిపి 5 లక్షలకు పైగా డ్రాయింగులు, ఫొటోలు, చరిత్ర పత్రాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ఒకే భవనం ప్లాన్, సెక్షన్, ఎలివేషన్ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పడానికి ఇవి ఎంతో అక్కరకొస్తాయి.

★ సగం ఇల్లు, పూర్తి డ్రాయింగులు: చిలీలోని ఇకీకే నగరంలో 93 పేద కుటుంబాలకు ఇళ్లు కట్టాలి. ఇంటికి ప్రభుత్వ సాయం 7,500 డాలర్లే. ఆర్కిటెక్ట్ అలెహాండ్రో అరవేనా బృందం ఒక్కో కుటుంబానికి సగం ఇల్లే కట్టింది. వంటిల్లు, స్నానాలగది, మెట్లు, కప్పు లాంటి కష్టమైన పని తాము పూర్తిచేసి, పక్కన ఖాళీ వదిలింది. చేతిలో డబ్బు ఆడినప్పుడు మిగతాది ఎవరికి వారు కట్టుకున్నారు. 2016లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న ఏడాదే అరవేనా కింటా మొన్రోయ్ అనే ఈ పథకం సహా నాలుగు గృహ పథకాల డ్రాయింగులను అందరూ వాడుకునేలా వెబ్‌సైట్‌లో పెట్టేశారు.

★ బేకర్ చేతిరాత పాఠాలు: బ్రిటన్‌లో పుట్టి కేరళలో స్థిరపడిన లారీ బేకర్, తక్కువ ఖర్చుతో ఇల్లు కట్టడం గురించి సొంత చేతిరాతతో, సొంత బొమ్మలతో చిన్న చిన్న పుస్తకాలు రాశారు. ఇవి ఉచితంగా దొరుకుతాయి. ఆయన విరివిగా వాడిన ర్యాట్ ట్రాప్ బాండ్‌నే తీసుకోండి. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి పేరుస్తారు. గోడ మందం 9 అంగుళాలే ఉంటుంది కానీ మధ్యలో బోలు మిగులుతుంది. దాంతో దాదాపు నాలుగో వంతు ఇటుకలు ఆదా. బోలులోని గాలి ఎండ వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. టీచరు కాసిని ఇటుకలు తెప్పించి క్లాసులోనే పేర్చి చూపిస్తే ఈ పాఠం ఎవరూ మరిచిపోరు.

★ రామప్ప దస్త్రం: 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ములుగు జిల్లా పాలంపేట రామప్ప గుడి కోసం భారత్ సమర్పించిన దస్త్రం యునెస్కో వెబ్‌సైట్‌లో ఉంది. ఇసుక నింపిన పునాది, నీటిలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరం... వినికిడి కబుర్లుగా తెలిసిన ఇలాంటి సంగతులను ఆధారాలతో చదువుకోవచ్చు. నిపుణుల సంఘం ఇకోమోస్ మదింపు నివేదిక కూడా అక్కడే దొరుకుతుంది.

★ నిప్పుకు దొరకని కొలతలు: కళాచరిత్ర ఆచార్యుడు ఆండ్రూ టాలన్ పారిస్ నోత్రదామ్ చర్చిని లేజర్‌తో స్కాన్ చేసి వంద కోట్లకు పైగా బిందువులు నమోదు చేశారు. 2018లో ఆయన కన్నుమూశారు. 2019 ఏప్రిల్ 15న చర్చి కప్పు కాలిపోయింది. పునర్నిర్మాణానికి ఆ కొలతలు ఆసరా అయ్యాయి. కొలంబియా ఆచార్యుడు స్టీఫెన్ మరేతో కలిసి టాలన్ తయారుచేసిన 'మ్యాపింగ్ గోథిక్ ఫ్రాన్స్' వెబ్‌సైట్‌లో ఫ్రాన్స్‌లోని గోథిక్ చర్చిలను లోపలా బయటా చూడొచ్చు.

★ 1834 నాటి పుస్తకం: తంజావూరులో పుట్టి బెంగళూరులో న్యాయాధికారిగా పనిచేసిన రామ్ రాజ్, మానసారం వంటి శిల్పశాస్త్ర గ్రంథాలను శోధించి హిందూ వాస్తుకళపై ఇంగ్లీషులో పుస్తకం రాశారు. ఆయన పోయాక, 1834లో, 48 చిత్రఫలకాలతో లండన్‌లో అచ్చయింది. ఇప్పుడది ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అందరికీ అందుబాటులో ఉంది.

★ ఎండ ఎటునుంచి? మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడనుకుంటాం. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా ఉత్తరానికి జరుగుతాడు. ఉత్తరపు కిటికీకీ నీడ కావాలన్నమాట. ఆండ్రూ మార్ష్ రూపొందించిన ఉచిత సన్‌పాత్ టూల్‌లో మన ఊరిని ఎంచుకుంటే గంట గంటకూ నీడ ఎటు పడుతుందో కనిపిస్తుంది.

★ భూకంపాలపై 24 పాఠాలు: ఐఐటీ కాన్పూర్ ఉచితంగా ఇచ్చే 'ఎర్త్‌క్వేక్ టిప్స్' తొలి సంపుటంలో 24 చిన్న పాఠాలున్నాయి. బీమ్ కన్నా కాలమ్ ఎందుకు బలంగా ఉండాలో బొమ్మలతో విడమరిచి చెబుతాయి.

★ లెక్చర్లు: ఐఐటీలు, ఐఐఎస్సీ 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్‌లో ఆర్కిటెక్చర్ పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఆర్కిటెక్చర్ కోర్సుల సిలబస్‌లు, అసైన్‌మెంట్లు కూడా దొరుకుతాయి.

★ చందాలతో దక్కిన సాఫ్ట్‌వేర్: 3డీ మోడళ్లు చేసే బ్లెండర్‌ను 2002లో వాడకందారులే లక్ష యూరోలు పోగేసి అందరి సొత్తు చేశారు.

ఇవన్నీ దాచుకోకుండా పంచినవాళ్ల చలవ. మన ఆర్కిటెక్చర్ కాలేజీల్లోనూ విద్యార్థులు గుళ్లనూ, కోటలనూ, మండువా లోగిళ్లనూ టేపు పట్టి కొలిచి మెజర్డ్ డ్రాయింగులు గీస్తారు. మార్కులు పడ్డాక చాలావరకు అవి అటకెక్కుతాయి. ఈలోగా ఆ ఇళ్లు కూలిపోతున్నాయి. టీచర్లకు ఒక్క మనవి: ఈ ఏడాది గీసిన షీట్లను స్కాన్ చేయించి, ఊరు, తేదీ, స్కేలు, గీసినవారి పేరు రాసి, ఇంటి యజమాని అనుమతితో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టించండి. అక్కడ ఖాతా తెరవడానికి రూపాయి ఖర్చు లేదు.