గర్భస్థశిశువునకు నరములు పంపు సందేశము

ఇంట గర్భవతియైన కోడలు కంటతడి పెట్టినచో, "తల్లి దిగులు బిడ్డకు తగులునమ్మా" యని పెద్దలు వారించుట మనమందరము వినినదే. ఈ మాటలో నిజమెంత? నేటి శాస్త్రజ్ఞులు కనుగొనిన విషయములను కొన్నింటిని మేమిచట విన్నవించుచున్నాము.

నరములు తమ సందేశములను కొన్ని ద్రవ్యముల మూలమున పంపును. 1921లో ఆటో లోవీ యను పండితుడు కప్పగుండె యొక్క నరమును ప్రేరేపించి, దానినంటియున్న ద్రవమును వేఱొక గుండెకు చేర్పగా, ఆ గుండెయు నెమ్మదించెను. నరము విడిచిన ద్రవ్యమే యా పని చేసినదని తేలెను. నార్ అడ్రినలిన్, సెరొటోనిన్ మొదలగునవి యిట్టి ద్రవ్యములే.

ఇక బిడ్డను రోగములనుండి కాపాడు రక్తకణములు పుట్టుటకు మూలమైన కణములు, గర్భము నిలిచిన తొలి మాసములలోనే, పిండముయొక్క పెద్ద ధమని గోడయందు పొడసూపును. పిదప కాలేయమునకును, తుదకు ఎముకల మూలుగలోనికిని చేరును. వానిలో కొన్నింటి సంతతి రొమ్మెముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో శిక్షణ పొందును.

ఈ పుట్టుకయందు నరములకు పాలు గలదని 2012లో తెలియవచ్చెను. నార్ అడ్రినలిన్ వంటి ద్రవ్యములు కొఱవడిన ఎలుకపిండములయందు మూలకణములు తగ్గెను. ఆ ద్రవ్యముల నిచ్చినపుడు మరల హెచ్చెను. సెరొటోనిన్ సయితము ఎలుకపిండములలో ఈ కణములకు ముందటి కణములు నశింపకుండ కాపాడునని 2017లో వెల్లడియైనది. మావి తానే సెరొటోనిన్‌ను తయారుచేసి పిండమునకు పంపునని 2011లోనే తేలియుండెను. అందులకు ముడిసరకు తల్లి రక్తములోని ట్రిప్టోఫాన్. అది మన పప్పులు, పాలు, గ్రుడ్లు, వేరుసెనగలలో నున్నది.

అయితే ఒక్క మాట. ఇవి ఎలుకలలో కనుగొన్న సంగతులు. ఒకనాటి దుఃఖముచే బిడ్డ చెడునని ఇవి చెప్పుట లేదు. బిడ్డకు జబ్బు చేసినపుడు తల్లిని నిందించుట కివి సాధనములు కారాదు. మనోవ్యాధికి మందు పుచ్చుకొను గర్భవతి, అది సెరొటోనిన్‌పై పనిచేయునని విని, వైద్యుని అడుగక మానివేయుటయు తగదు.

అశ్వారావుపేట అడవి సరిహద్దు. అచటి ఆయిల్‌పామ్ తోటలలో కూలికి పోవు స్త్రీ కడుపుతో నున్నపుడు ఆమెకు విశ్రాంతి నొసగువా రెవరు? వానకాలమున మలేరియా మఱియొక భయము. ఆ క్రిములు మావిలో చేరి శిశువు బరువును తగ్గించును. దోమతెర వాడుట, జ్వరము తగిలిన వెంటనే రక్తపరీక్ష చేయించుట అవశ్యకములు. తెలంగాణమున 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకము గర్భిణులకు అంగన్‌వాడీలలో దినమున కొక పూట భోజనము, 200 మిల్లీలీటర్ల పాలు, ఒక గ్రుడ్డు ఏర్పరచెను. టీకాలు వేయించుకొనిన తల్లి రక్తమునుండి రక్షకద్రవ్యములు మావి ద్వారమున బిడ్డకు చేరును.

కావున పెద్దల మాట మంచిదే; కాని దానిని కోడలికి గాక ఇంటివారికి చెప్పవలెను. "ఏడువకు" మని ఆమెను గద్దించుటకంటె, ఆమె ఏడువవలసిన పని లేకుండ చూచుట మేలు. నీళ్లబిందె నందుకొను భర్తయు, వేళకు అన్నము పెట్టు అత్తయు పుట్టబోవు బిడ్డకు తొలి రక్షకులని మా విశ్వాసము.