కరువు వెనక్కి తగ్గాక పెరిగిన జనం

1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాలో 9,14,432 మంది తేలారు. పదేళ్లకు మళ్లీ లెక్క తీస్తే 6,78,551 మందే మిగిలారు. నడుమ వచ్చింది ధాత కరువు. 1876లో వానలు మొహం చాటేశాయి, మరుసటి ఏడు కూడా సేద్యం కుదుటపడలేదు. తిండిలేక కొందరు, కరువు వెంట వచ్చిన కలరాతో మరికొందరు పోయారు. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు ఊళ్లు వదిలారు. పక్కనున్న కడప జిల్లాలోనూ రెండు లక్షల మందికి పైగా తగ్గారు. 1901 నాటికి కూడా కర్నూలు జిల్లా జనాభా 8,72,055 మాత్రమే. పోయిన జనం తిరిగి పూడడానికి పాతికేళ్లు చాలలేదు.

జనాభా పెరుగుదల గురించి మాట్లాడుతూ జనం తగ్గిన కథతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. జనం ఎక్కువైతే తిండి చాలదు, తిండి చాలకపోతే కరువు వస్తుంది అన్న సూత్రం చాలామంది నోట వినిపిస్తుంది. ఇంగ్లండులో మాల్థస్ 1798లో చెప్పిన మాటకు అది పామర రూపం. కర్నూలు లెక్క దానికి లొంగదు. కరువు తీరిన పాతికేళ్లకు కూడా ఆ జిల్లాలో చదరపు కిలోమీటరుకు 44 మంది ఉన్నారు. 2011లో 230 మంది ఉన్నారు. సరిహద్దులు కొంత మారాయి కాబట్టి పోలిక ఉజ్జాయింపే. అయినా విషయం తేటగానే ఉంది: జనం పలచగా ఉన్న రోజుల్లో ఆకలి చావులు లక్షల్లో జరిగాయి, అయిదింతలు కిక్కిరిసిన రోజుల్లో జరగలేదు. ధాత కరువు ఏళ్లలో దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగనేలేదు. కొనే శక్తి, తెచ్చే దారి, ఇచ్చే మనసు లేకపోవడమే చంపింది.

మరి జనం ఎందుకు పెరిగారు? ఒక్కసారిగా ఎక్కువమంది పిల్లల్ని కనడం మొదలుపెట్టినందువల్ల కాదు. పుట్టేవాళ్లు ఎప్పటిలాగే పుట్టారు, పోయేవాళ్లు తగ్గారు. 1911–20 దశాబ్దంలో దేశంలో ఏటా వెయ్యి మందికి 48 జననాలు ఉంటే, మరణాలూ ఇంచుమించు అన్నే. 1918 ఇన్‌ఫ్లుయెంజా దెబ్బ అందులోదే. ఆ పదేళ్లలో దేశ జనాభా పెరగకపోగా కాస్త తగ్గింది. 1971కి వచ్చేసరికి జననాలు 37, మరణాలు 15. ఆ తేడా 22. చూడడానికి చిన్న అంకెలా ఉంటుంది గాని, ఏటా వెయ్యికి 22 చొప్పున పెరుగుతూ పోతే ముప్పై రెండేళ్లలో జనం రెట్టింపవుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ప్రాంతంలో 1951లో 3.11 కోట్లు ఉన్న జనాభా 1991కి 6.65 కోట్లయింది.

చావును వెనక్కి నెట్టినవి ఒకటి రెండు కావు. ధాత కరువు తరువాత 1878లో కరువు కమిషన్ కూర్చుంది, దాని సిఫారసులతో కరువు పనుల నిబంధనలు వచ్చాయి. రైలు పట్టాలు రాయలసీమలో ఇంకా లోపలికి చొచ్చుకొచ్చి, పంట పోయిన చోటికి ధాన్యం చేరే దారి పడింది. పడవలు నడిపి, పొలాలకు నీళ్లిచ్చి లాభం తీద్దామని ఒక ఇంగ్లిషు కంపెనీ తవ్విన కర్నూలు–కడప కాలువ ఆ వ్యాపారంలో బొక్కబోర్లా పడింది. 1882లో ప్రభుత్వం కొనుక్కున్నాక తుంగభద్ర నీళ్లు పొలాలకు పారించి కొంత మేలు చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక మలేరియా మీద డి.డి.టి. పిచికారీ, ఊరూరా టీకాలు, రేషన్ బియ్యం వచ్చాయి. మశూచి 1975లో దేశం వదిలింది. గమనించాల్సింది ఏమిటంటే వీటిలో చాలావాటికి ఇంటివాళ్ల నిర్ణయంతో పని లేదు. పిచికారీ మనిషి వచ్చి గోడలకు మందు కొట్టి వెళ్తే చాలు. ఎందరు పిల్లలు కావాలన్నది అలా కాదు, అది మొగుడూ పెళ్లాలూ అత్తమామలూ కలిసి, తరాలుగా తెలిసిన లెక్కతో తేల్చే విషయం. చావు తగ్గిన వేగంతో కాన్పులు తగ్గకపోవడానికి అసలు కారణం ఇదే.

ఆ పాత లెక్కలో తెలివితక్కువతనం లేదు. ఆరుగురిని కంటే ఇద్దరు ముగ్గురు దక్కుతారన్న అనుభవం ఉన్న ఇంట్లో, పిల్లలు బతికే కాలం వచ్చిందని నమ్మకం కుదరడానికి ఒక తరమైనా పడుతుంది. పింఛను లేని మెట్ట రైతుకు ముసలితనంలో కొడుకే ఆధారం. పైగా పిల్లలు తిండికి ఖర్చే గాని, పనికి ఆదాయం కూడా. వేరుశనగ కాయలు వలవడానికి, గొర్రెలు కాయడానికి, చిన్నపిల్లను ఎత్తుకోవడానికి ఎనిమిదేళ్ల చేతులు చాలు. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు 1990ల్లో హైబ్రిడ్ పత్తి విత్తనాల సాగు పెరిగినప్పుడు ఈ లెక్క మరీ బాహాటంగా కనిపించింది. పత్తి క్రాసింగ్ అంటే సాయంత్రం పూట ఒక్కో మొగ్గను విప్పి పుప్పొడి కాడలు తీసేయడం, మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దడం. పువ్వుకు పువ్వుకు చేయాల్సిన ఈ పనికి ఆడపిల్లల్ని పెట్టుకున్నారు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ముట్టేది, పిల్ల బడి మానేది. బడి మానిన పిల్లకు పెళ్లి తొందరగా అయ్యేది. పదహారేళ్లకే తల్లయితే తరానికీ తరానికీ మధ్య దూరం తగ్గుతుంది. ఒక్కొక్కరు కనేది ఇద్దరినే అయినా, నూరేళ్లలో నాలుగు తరాలు పుట్టేచోట అయిదు తరాలు పుడతాయి. బాల్యవివాహానికీ జనాభాకూ ఉన్న ఈ లంకె చర్చల్లో అంతగా రాదు.

పెరిగిన జనం బరువు మొదట పడింది నేల మీద. తాత పేర పదెకరాల మెట్ట ఉంటే నలుగురు కొడుకులకు రెండున్నర ఎకరాల చొప్పున వస్తుంది. పంచేటప్పుడు ఎవరికీ అన్యాయం జరగకూడదని నల్లరేగడిలో ఒక ముక్క, ఎర్రనేలలో ఒక ముక్క, బావి దగ్గర ఒక ముక్క కోస్తారు. న్యాయంగానే పంచుతారు, సేద్యానికి మాత్రం అది పనికిరాదు. దేశంలో సగటు కమతం 1970–71లో 2.28 హెక్టార్లు, 2015–16కి 1.08 హెక్టార్లు. ఆంధ్రప్రదేశ్‌లో హెక్టారు లోపే. ఇద్దరన్నదమ్ములు ఒక బావి నీళ్లు వంతులేసుకుని వాడుకున్న చోట, వాళ్ల కొడుకులు ఎవరి ముక్కలో వాళ్లు బోరు వేయించారు. ఒక బోరు లోతుకు పోతే పక్కది ఎండుతుంది, అప్పుడు పక్కవాడు ఇంకా లోతుకు పోతాడు. సీమ రైతుల అప్పుల్లో పెద్ద వాటా నీళ్లు పడని బోర్లదే.

పొలం చాలనప్పుడు కాళ్లే దిక్కు. పడమటి కర్నూలులో కోసిగి, మంత్రాలయం, కౌతాళం వైపు ఊళ్లలో పంట పని అయిపోగానే జనం సుగ్గికి పోతారు. గుంటూరు మిరప కోతలకు, తెలంగాణ పత్తి తీతకు గింజలు, గిన్నెలు, గోనె పట్టాలు లారీలకెక్కించుకుని వెళ్తే, తిరిగొచ్చేది ఉగాది దాపున. ఆ నెలల్లో కొన్ని వీధుల్లో తలుపులన్నిటికీ తాళాలే. ముసలివాళ్లు వాకిట్లో కూర్చుని ఉంటారు. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు తెరుస్తారు గాని, చేతికందిన పిల్లను హాస్టల్లో వదలడం కంటే కోతకు తీసుకుపోతేనే నాలుగు డబ్బులు అన్న ఆలోచన తెగలేదు. చదువు ఇక్కడ తెగి, పెళ్లి ముందుకు జరిగి, కథ మళ్లీ మొదటికొస్తుంది. 2001–2011 మధ్య కర్నూలు జిల్లా జనాభా 14.85 శాతం పెరిగింది, కడప జిల్లాలో 10.8 శాతమే. అదే 2011 లెక్కల్లో అక్షరాస్యత కర్నూలులో 60 శాతం, కడపలో 67 శాతం. రెండు అంకెల్ని ఒకదానికొకటి పూర్తి కారణంగా చూడనక్కర్లేదు గాని, విడదీసి చూడడమూ కుదరదు.

ఊళ్లు పెరిగితే నీళ్లు కావాలి. సీమలో ఈ మాట చివరికి శ్రీశైలం ఆనకట్ట దగ్గరికే వస్తుంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు అది ప్రధానంగా కరెంటు ప్రాజెక్టు. 1981లో జలాశయం నింపినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. కృష్ణ ఒడ్డున తరాలుగా పండించుకున్నవాళ్లు కూలీలుగా పట్టణాల అంచులకు చేరారు. జనాభా పెరుగుదల గ్రామాన్ని ఖాళీ చేసి పట్టణాన్ని నింపుతుందంటారు. ఇక్కడ ఆ పని కొంత ఆనకట్ట చేసింది. 1901లో పాతిక వేల మంది ఉన్న కర్నూలు పట్టణం 2011కి నాలుగు లక్షలు దాటింది.

ఆ తరువాత శ్రీశైలం నీళ్లకు హక్కుదారులు ఒక్కొక్కరే వచ్చారు. మద్రాసు నగరం దాహం తీర్చడానికి 1983లో తెలుగుగంగ ఒప్పందం కుదిరింది, అంతకుముందే మూడు కృష్ణా రాష్ట్రాలు తలా 5 టి.ఎం.సి.లు వదులుకుంటామన్నాయి. పోతిరెడ్డిపాడు నుంచి కుడి కాలువ, గాలేరు–నగరి, మల్యాల దగ్గర హంద్రీ–నీవా, అవతలి గట్టున కల్వకుర్తి వచ్చాయి. అడిగేవాళ్లు ఇలా పెరుగుతుంటే పాత్ర చిన్నదవుతూ వచ్చింది. మొదట 308 టి.ఎం.సి.లు పట్టిన జలాశయం పూడిక చేరి 2009 నాటికి 215 దగ్గరికి దిగింది. పైన కొండలు, పొలాలు కోసుకుపోయి వచ్చిన మట్టి అది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ప్రతి ఏడూ నడిచే గొడవలో ఈ 93 టి.ఎం.సి.ల గురించి ఎవరూ పెద్దగా నోరెత్తరు, మట్టి మీద కేసు వేయలేరు కదా.

పెరుగుదల అందరికీ ఒకేలా జరగలేదనడానికి శ్రీశైలం చుట్టూ ఉన్న నల్లమల అడవి సాక్షి. శివరాత్రికీ ఉగాదికీ శ్రీశైలానికి లక్షల్లో జనం వస్తున్నారు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా అడవి దారిన నడిచేవాళ్ల సంఖ్య ఏటేటా పెరుగుతోంది. పులుల అభయారణ్యంలో రాత్రి 9 దాటాక వాహనాలు ఆపేయాల్సి వస్తోంది. ఆ అడవిలోనే పుట్టిపెరిగిన చెంచులను మాత్రం ప్రభుత్వం అతి బలహీన గిరిజన తెగల జాబితాలో చేర్చింది. ప్రత్యేకంగా వాళ్ల కోసం శ్రీశైలంలో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఉన్నా, పెంటలనే వాళ్ల గూడేల్లో రక్తహీనత, చిన్న వయసు చావులు వదలలేదు. చుట్టూ జనం పెరిగితే వాళ్ల అడవి చిన్నదయింది.

కాన్పులు తగ్గిన తీరు మరో వింత. కేరళలో చదువు ముందు వచ్చి పిల్లలు తరువాత తగ్గారు. ఆంధ్రలో చదువు, ఆదాయం అంతగా పెరగకముందే తగ్గారు. 1992–93లో ఒక్కో స్త్రీకి సగటున 2.59 మంది పిల్లలు, 2005–06కి 1.79, 2019–20కి 1.68. దీని వెనక ఉన్నది ప్రధానంగా ఒకే పద్ధతి: ఇద్దరు పుట్టగానే ఆపరేషన్. కుటుంబ నియంత్రణ శిబిరాలు, ఎమర్జెన్సీ తరువాత మగవాళ్లు వెనక్కి తగ్గడం, 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవారు పోటీ చేయరాదన్న నిబంధన, 1997 జనాభా విధానం అన్నీ కలిసి భారమంతా ఆడవాళ్ల మీద పెట్టాయి. 2019–20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. చాలామందికి అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. మగవాళ్ల ఆపరేషన్ ఇంతకంటే తేలిక, ప్రమాదం తక్కువ. అయినా దాని శాతం లెక్కలోకి రానంత చిన్నది. జనాభా అదుపు విజయగాథగా చెప్పుకునేటప్పుడు ఈ అంకెను పక్కకు తోసేస్తుంటారు.

కాన్పులు తగ్గినా జనం వెంటనే తగ్గరు. గత తరంలో పుట్టినవాళ్లంతా ఇప్పుడు తల్లులయ్యే వయసులో ఉంటారు కాబట్టి, ఒక్కొక్కరు ఇద్దరినే కన్నా మొత్తం పెరుగుతూనే ఉంటుంది. అందుకే సగటు రెండు లోపుకు దిగిన తరువాత కూడా 2011లో ఉమ్మడి రాష్ట్ర జనాభా 8.46 కోట్లు తేలింది. ఇప్పుడు బెంగ తిరగబడింది. 1976లో జనాభాతో ముడిపెట్టి ఆపేసిన లోక్‌సభ సీట్ల పునర్విభజన మళ్లీ ముందుకొస్తే, పిల్లల్ని తగ్గించుకున్న దక్షిణాది రాష్ట్రాలకు వాటా తగ్గుతుందన్న భయం ఉంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ ఇద్దరు పిల్లల నిబంధనను రద్దు చేసింది. మూడో బిడ్డను కనమని నాయకులే చెబుతున్నారు. సుగ్గికి పోయే ఇంట్లో ఆ మాట ఎవరు వింటారో, కర్నూలుకూ కడపకూ మధ్య తేడా చెరిగిందో లేదో, 2027 మార్చి నాటి స్థితిని పట్టే కొత్త జనాభా లెక్కలు వస్తే గాని తేలదు.